నుదుటి నూనె

మిరపకాయల సీజనులో రెబ్కా పిల్లల మొహాలు ముట్టుకోదు. ఫిబ్రవరిలో మొదలై ఎండలు ముదిరేదాకా నల్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీ షెడ్డులో కాయల కుప్ప ముందు కూర్చుని తొడిమెలు తీయడం ఆమె పని. మొదటి ఏళ్ళలో సాయంత్రానికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టుండేవి. పెరుగు పూసుకుని, తడిగుడ్డ చుట్టుకుని పడుకునేది. ఇప్పుడు ఏమీ ఉండదు. మంట పోలేదు, అది తెలియడం మాత్రం పోయింది. మార్కూ ఫెబా చంటిపిల్లలుగా ఉన్నప్పుడు వాళ్ళని మోచేతుల మధ్య ఇరికించుకుని ఎత్తుకునేది. అన్నం కలిపి ముద్దలు పెట్టడానికి అప్పట్లో అత్తగారు ఉండేది. ఆవిడ పోయాక ఆ పని ఫెబా మీద పడింది. నుదుటికి నూనె రాయడం కూడా, సీజను ఉన్నన్నాళ్ళూ, ఫెబా పనే.

ఆ ఇంట్లో పరీక్షకి వెళ్ళినా, ఆసుపత్రికి వెళ్ళినా బయలుదేరేముందు నుదుటి మీద ఒక చుక్క పడాలి. పాస్టరమ్మ చేతిలో పట్టుకుని ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినూనె అది. పాత దగ్గుమందు సీసాలో బీరువా పైన ఉంటుంది. ఆ ఆదివారం తెల్లవారుతూనే రెబ్కా ఆ సీసాని గుడ్డలో చుట్టి అన్నం డబ్బాల సంచిలో నిలువుగా పెట్టింది. ఒంగోల్లో కొడుకు ఆట చూడటానికి ముగ్గురూ బయలుదేరుతున్నారు. మార్కు ఫుట్‌బాల్ ఆడటం ఆమె ఇంతవరకూ చూడలేదు.

గుంటూరులో ఎక్కి, తెనాలిలో దిగి, ఒంగోలు వెళ్ళే పాసింజరు పట్టుకున్నారు. రెబ్కా భర్త ఆదాం కిటికీ పక్కన సర్దుకున్నాడు. పత్తి జిన్నింగు మిల్లులో బేళ్ళు మోసే మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, చర్చి గంట కొట్టే వేళకి రైల్లో కూర్చోవడం అతనికి పండగలా ఉన్నట్టుంది. బాపట్ల దాటేసరికి మాటల్లో పడ్డాడు.

"ఎన్ని గోల్సు కొడతాడే మనోడు?" అన్నాడు కూతురితో.

"నాన్నా, అన్న గోలీ. కొట్టడు, ఆపుతాడు."

"రెండేళ్ళ నుంచీ ఆపటమేనా?"

"ఆపటమే."

"మరి కొట్టేదెవరు?"

"మిగతా పదిమంది."

"పదిమంది కొట్టేదాన్ని ఒక్కడు ఆపాలా? బాగా దొరికిచ్చుకున్నారు ఎర్రోణ్ణి!"

ఎదురు సీట్లో ఖాళీ చేపలబుట్ట ఒళ్ళో పెట్టుకున్న ముసలమ్మ ఫక్కున నవ్వింది. ఫెబా సిగ్గుతో తల పట్టుకుంది. "నాన్నా, అక్కడికొచ్చి ఈ మాటలు మాట్లాడావంటే నువ్వెవరో నాకు తెలవదంటా."

"అను. తిరిగొచ్చేటప్పుడు నీ అన్నం డబ్బా కూడా నాకు తెలవదంటా నేను."

రెబ్కా కూడా నవ్వింది. నవ్వుతూనే సంచిలోని సీసా పడిపోయిందేమోనని పైనుంచి తడిమి చూసుకుంది.

మార్కు ఒంగోల్లో రెండో డివిజను జట్టుకి గోలీ. గ్రౌండు వెనక గదిలో పడుకుంటాడు. పొద్దున సాధన, పగలు ఒక గ్రానైట్ కొట్లో పని. ఇవాళ్టి మ్యాచితో ఈ ఏడు లీగు అయిపోతుంది. విశాఖ నుంచి ఒక కంపెనీ జట్టువాళ్ళు గోలీ కోసం వెతుక్కుంటూ వస్తున్నారు. వాళ్ళకి నచ్చితే ఆటతోపాటు ఉద్యోగం కూడా. నచ్చకపోతే వచ్చే ఏడు ఆ గది ఇంకో చిన్నవాడికి ఇస్తానని కోచ్ మొహిద్దీన్ బాషా ముందే చెప్పాడు. మార్కు ఫోనులో ఇదంతా మామూలు గొంతుతోనే చెప్పాడు. చివర్లో, "వీలైతే మీరు కూడా రండమ్మా" అన్నాడు. రెండేళ్ళలో ఎప్పుడూ రమ్మనలేదు.

రెబ్కా ఆశపడే మనిషి కాదు. ఆశ అంటే ఎవరో దాచమని ఇచ్చిన పరాయివాళ్ళ నగలా, ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టుండేది ఆమెకి. అలాంటిది పోయిన ఆదివారం చర్చిలో లేచి నిలబడి, తన కొడుక్కి ఉద్యోగం ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం అని సాక్ష్యం చెప్పేసింది. ఇంకా రాలేదు కదా అని ఎవరూ అడగలేదు. జరగబోయేదాన్ని జరిగినట్టే తలచి ముందుగా కృతజ్ఞత చెల్లించడం వాళ్ళ సంఘంలో ఉన్నదే. చెల్లించాక సందేహపడితే మాత్రం అది అవిశ్వాసం. కింద కూర్చున్న మరుక్షణం నుంచీ ఆమెకి సందేహమే. వాకిట్లోకి వచ్చిన కుక్కని అదిలించినట్టు దాన్ని లోపల్లోపలే అదిలిస్తూ వారం గడిపింది. అది నాలుగడుగులు వెనక్కిపోయి, మళ్ళీ అక్కడే కూర్చునేది.

చీరాల దాటాక పచ్చదనం పలచబడింది. చినగంజాం దగ్గర ఉప్పుమళ్ళు కళ్ళు చెదిరేలా మెరిశాయి. ఒంగోలు చేరేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది.

మార్కు కాలేజీ గ్రౌండు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆకుపచ్చ జెర్సీ, చేతులకి పెద్ద పెద్ద తొడుగులు. చిక్కిపోయాడు. చెంపల దగ్గర ఎముకలు తేలాయి. తండ్రితో, చెల్లెలితో రెండు మాటలు మాట్లాడి తల్లివైపు తిరిగాడు.

"అమ్మా, ఒక్క మాట. అక్కడ కూర్చుని నా పేరు పెట్టి అరవబాకు. విశాఖవాళ్ళు మెట్ల కిందే కుర్చీల్లో కూర్చుంటారు."

"నేనెందుకు అరుస్తానురా."

"నాన్నని కూడా..."

"మీ నాన్న సంగతి నాకొదిలెయ్."

లోపల్నుంచి ఎవరో, "ఒరేయ్ మార్కూ, వస్తావా మోసుకురమ్మంటావా!" అని కేకేశారు. మార్కు కదలబోయి ఆగాడు. గొంతు తగ్గించి, "నూనె తెచ్చావా?" అన్నాడు.

ఫెబా నీళ్ళసీసాలు నింపడానికి అప్పుడే కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఆదాం కూడా వెంట వెళ్ళాడు. రెబ్కా సంచిలోంచి సీసా తీసింది. మార్కు తల వంచాడు. అతని మాడు మీద చిన్నప్పటి దెబ్బ మచ్చ కనపడింది. మూత తీసిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఫెబాని పిలవాలా? ఆ ప్రశ్న ఆమెకి వచ్చింది. రాలేదని తర్వాత ఎన్నడూ తనకి తాను చెప్పుకోలేకపోయింది. రెండు రోజుల కిందటిదాకా షెడ్డులోనే ఉంది. చేతులు సబ్బుతో మూడుసార్లు తోముకుంది నిజమే. కానీ గోళ్ళ సందుల్లో, చర్మం పగుళ్ళలో ఉన్నది సబ్బుకి వదలదు, నూనె తగిలితే మళ్ళీ పైకి తేలుతుంది. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళందరికీ తెలిసిన విషయమే. అయితే ఇది వట్టి నూనె కాదు. దీని మీద ప్రార్థన ఉంది. ఇప్పుడు చెయ్యి వెనక్కి తీసుకుంటే, వారం రోజులుగా వాకిట్లో కూర్చున్న ఆ కుక్కని చేజేతులా ఇంట్లోకి పిలిచినట్టే.

మామూలుగా ఒక చుక్క. ఆ రోజు అరచేతిలో పోసుకుంది. నుదుటి మీద అటునుంచి ఇటు, కనుబొమల పైదాకా, కణతలదాకా రాసింది. కొడుకు చర్మం వెచ్చగా ఉంది. ఎన్ని నెలలకో ముట్టుకుంది. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

"చాల్లేమ్మా" అని నవ్వి మార్కు పరుగెత్తాడు.

మెట్ల మీద జనం అక్కడొకరు ఇక్కడొకరు ఉన్నారు. గ్రౌండులో గడ్డి తక్కువ, ఎర్రదుమ్ము ఎక్కువ. మార్కు నిలబడిన గోలుపోస్టు మెట్లకి దగ్గరగానే ఉంది. మెట్ల కింద చిన్న షామియానా, దానికింద ప్లాస్టిక్ కుర్చీల్లో టోపీలు పెట్టుకున్న ఇద్దరు. వాళ్ళ వెనక వరుసలోనే రెబ్కా కూర్చుంది. చెయ్యి చాపితే వాళ్ళ భుజాలు తగులుతాయి.

ఆట మొదలైన కొద్దిసేపటికే అవతలి జట్టువాడొకడు దూరం నుంచి గట్టిగా కొట్టాడు. మార్కు గాల్లో అడ్డంగా సాగి వేళ్ళ చివరలతో బంతిని బయటికి తోశాడు. ఆదాం లేచి నిలబడిపోయాడు. టోపీవాళ్ళలో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు.

"చూశావా?" అన్నాడు ఆదాం భార్య మోకాలు పట్టుకుని. "అబ్బ! పావురం ఎగిరినట్టు ఎగిరాడే!"

రెబ్కా చూసింది. కొడుకుని కన్నప్పుడు గానీ, అతను మొదట నడిచినప్పుడు గానీ అంత ఆశ్చర్యం కలగలేదు. తన కడుపున పుట్టినవాడికి గాల్లో అలా పడుకోవడం ఎవరు నేర్పారు? ఇతను తనకి తెలియని మనిషి అనిపించింది. ఆ తెలియనితనమే గొప్పగా అనిపించింది. కుక్క లేచి వెళ్ళిపోయింది. వాకిలి ఖాళీగా, శుభ్రంగా ఉంది.

ఎండ దంచుతోంది. మార్కు జెర్సీ వీపుకి అతుక్కుపోయింది. కాసేపటికి అతను తల విదిలించాడు. మళ్ళీ విదిలించాడు. కుడి భుజం పైకెత్తి, మెడ వంచి, కంటిని జెర్సీ భుజానికేసి రాసుకున్నాడు.

ఆ కదలిక రెబ్కాకి తన సొంత ఒంటిలా తెలుసు. కుప్ప ముందు కూర్చున్న ప్రతి ఆడదీ చేసేదే. కన్ను చిమచిమలాడినప్పుడు చేత్తో ముట్టుకోకూడదు కాబట్టి భుజానికేసి రాసుకుంటుంది. షెడ్డులో అయితే పక్కదాన్ని కేకేస్తారు, అది పొడిగుడ్డతో ఒత్తి తుడుస్తుంది. ఇక్కడ చెమట పట్టిన ప్రతిసారీ ఆ నూనె కిందికి జారుతోంది. 

మార్కు గోలు పక్కనున్న నీళ్ళసీసా ఎత్తి మొహాన గుమ్మరించుకున్నాడు. వద్దురా, అనుకుంది. నీళ్ళు పోస్తే ఇంకా పాకుతుంది. ముందు పొడిగుడ్డతో నూనె తీసెయ్యాలి. 'మార్కూ, తుడుచుకో, నీళ్ళు పోసుకోబాకు' అని ఒక్క అరుపు చాలు. అంత దగ్గరగా ఉన్నాడు. నోరు తెరిచింది కూడా.

కానీ టోపీలు రెండూ సరిగ్గా ఆమె మోకాళ్ళ ముందున్నాయి. అరిస్తే ఎందుకని అడుగుతారు. కారం అని చెప్పాలి. ఎక్కడి కారం అంటే, నా చేతిది అని చెప్పాలి. నవ్వుతారు. వాళ్ళ కళ్ళలో మార్కు అప్పటినుంచీ గోలీ కాడు, అమ్మ నూనె రాస్తే కళ్ళు మండినవాడు. అంతేనా? అదొక్కటే అయితే అరిచేదేమో. అరిస్తే నిజమవుతుంది. అరవనంతసేపూ అది చెమటే అయ్యుండొచ్చు, దుమ్మే అయ్యుండొచ్చు. ఆమె తెరిచిన నోరు అలాగే పెట్టుకుని కూర్చుంది. చూసేవాళ్ళకి ఆవులిస్తున్నట్టుంది.

బంతి వచ్చింది. పెద్ద వేగమేం లేదు. మార్కు ఒక కన్ను మూసుకుని రెండు చేతులూ చాపాడు. బంతి చేతుల పక్కనుంచి దొర్లుకుంటూ లోపలికి పోయింది.

"అదేంటి, అది నేను కూడా పట్టేవాణ్ణి!" అన్నాడు ఆదాం. ఎవరో ఈలవేశారు. ఫెబా, "ఎండ నాన్నా, ఎదురెండ" అంది.

రెబ్కా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది. ఇప్పుడన్నా అరవొచ్చు. ఇప్పుడు అరిస్తే, ఇందాక ఎందుకు అరవలేదన్నది మిగులుతుంది. క్షణాలు గడిచేకొద్దీ అరవడం కష్టమైపోయింది. బావిలోకి దిగినకొద్దీ పైకి రావలసిన దూరం పెరిగినట్టు. సగం ఆట ముగియబోతుండగా రెండో గోలు పడింది. ఈసారి మార్కు కదలనే లేదు. బంతి అతని కుడిపక్క నుంచి పోతుంటే రోడ్డు మీద లారీని చూసినట్టు చూశాడు.

విరామానికి ఈల వెయ్యగానే రెబ్కా, మంటకి పెరుగు పనికొస్తుందని పెరుగన్నం డబ్బా పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తింది. ఆమె చేరేసరికి మార్కు తొడుగులు విప్పి ఇంకో కుర్రాడి చేతిలో పెడుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల్లిని చూసి, ఇటు రావద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె కోచ్ దగ్గరికి వెళ్ళింది.

"సార్, నేను మార్కు వాళ్ళమ్మని. వాణ్ణి తీసెయ్యబాకండి. వాడి తప్పు లేదు సార్. నా చేతి కారం వాడి కళ్ళలో పడింది. నేను మిరపకాయల పని చేస్తా. నుదుటికి నూనె రాశా సార్, ఆ నూనె కారింది."

మొహిద్దీన్ బాషా నడివయసు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. ఆమె చేతుల వైపు చూశాడు. "ఎండ పడి కనపళ్ళేదని చెప్పాడమ్మా వాడు."

"నా పేరు చెప్పటం ఇష్టంలేక అట్టా అన్నాడు సార్. ఆ విశాఖవాళ్ళకి ఒక్కమాట మీరు..."

"ఏమని చెప్పమంటారమ్మా? వాళ్ళు చూడాల్సింది చూశారు." ఆయన షామియానా వైపు తల తిప్పాడు. టోపీవాళ్ళలో ఒకాయన అవతలి జట్టు గోలీని పిలిపించుకుని మాట్లాడుతున్నాడు. ఆ పిల్లవాడు చేతులు కట్టుకుని, మాటమాటకీ తల ఊపుతున్నాడు. "మీరు అన్నం తినండమ్మా. ఎండలో పడి వచ్చారు" అన్నాడు బాషా. ఆ మాటలోని దయ ఆమెకి తిట్టు కంటే గట్టిగా తగిలింది.

తిరిగి వచ్చేటప్పుడు నలుగురయ్యారు. మార్కు గది ఖాళీ చేసి, సంచీ పక్కచుట్టా తీసుకుని వచ్చేశాడు. సాయంత్రం పాసింజరు సగం ఖాళీగా ఉంది. ఆదాం కాసేపు ఆ రెండో గోలు సంగతి ఎత్తబోయి, ఫెబా కళ్ళెర్రజేస్తే మానేసి, కిటికీకి తల ఆనించి కునుకు తీశాడు. ఫెబా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. రెబ్కా కొడుకు పక్కకి జరిగింది.

"నీకు తెలుసు కదరా" అంది.

"ఏంటమ్మా?"

"ఎండ కాదని."

"వాసన తెలిసిందిలే. చిన్నప్పట్నుంచీ ఉన్న వాసనేగా."

"నన్ను తిట్టరా."

"ఎందుకు?"

"నా వల్లే పోయింది. నేను ఫెబాని పిలవాల్సింది. పిలవాలని తెలిసి కూడా పిలవలా."

"మొదటి గోలు వరకూ మండింది నిజమేనమ్మా" అన్నాడు మార్కు. ఫోనులో మాట్లాడే ఆ మామూలు గొంతే. "తర్వాత తగ్గింది. రెండోది బాగా కనపడింది. బంతి కుట్లు కూడా కనపడ్డాయి. కుడిపక్కకి పోవాలని కూడా తెలుసు. కాళ్ళు లేవలా. ఇవాళొక్కరోజే కాదు, చాన్నాళ్ళ నుంచీ అంతే. ఇందాక మొదట్లో ఒకటి ఆపా చూడు, అట్టాంటిది నెలకోసారి పడుద్ది. బాషా సార్‌కి తెలుసు. నాకూ తెలుసు."

"అబద్ధం."

"అబద్ధం నేనెందుకు చెప్తానమ్మా?"

"నన్ను ఓదార్చటానికి. నాకు తెలవదనుకోబాకు. కారం పడితే గంటసేపు కళ్ళు తెరవలేరు. షెడ్డులో ఎంతమందిని చూళ్ళేదు నేను! నీకేం కనపడుద్ది, కుట్లు కనపడతయ్యా?"

ఆమె గొంతు పెరిగింది. మధ్యాహ్నం రావలసిన అరుపు ఇప్పుడు వస్తోంది. ఎందుకింత కోపమో ఆమెకే అర్థంకాలేదు. కొడుకు తన మీదున్న భారం తీసేస్తుంటే, దొంగ చేతిలోంచి సొమ్ము లాక్కున్నట్టు దాన్ని తిరిగి లాక్కుంటోంది. లాక్కుంటూ లాక్కుంటూ తెలుసుకుంది: తప్పు తనదైతే ఆ గాల్లో పడుకున్నవాడు నిజం. తను చెడగొట్టకపోతే వాడికి విశాఖ ఉంది, ఉద్యోగం ఉంది. తప్పు తనది కాకపోతే ఏమీ లేదు. ఎప్పుడూ లేదు.

"నా వల్లేనని అనరా" అంది మెల్లగా. "ఒక్కసారి అను."

మార్కు తల్లి మొహంలోకి చూశాడు. కళ్ళ అంచులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"సరే అమ్మా. నీ వల్లే" అన్నాడు.

ఏడుస్తున్న పిల్లకి చేతిలో ఏదో ఒకటి పెట్టే గొంతుతో అన్నాడు. ఆమె అడిగింది ఇచ్చేశాడు. అది పుచ్చుకున్నాక ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు.

బాపట్లలో బండి కుదుపుతో ఆగింది. ఆదాం మేలుకుని మొహం తుడుచుకున్నాడు. కాసేపు బయటికి చూసి, ఏదో గుర్తొచ్చినట్టు కొడుకువైపు తిరిగాడు.

"మిల్లులో బేళ్ళు కట్టే ప్రెస్సు దగ్గర ఇద్దరు తక్కువున్నారంట. యలమంద మేస్త్రీ మొన్న కూడా అడిగాడు. రేపు వస్తావా? లేకపోతే రెండ్రోజులు ఆగి..."

"రేపే వస్తా" అన్నాడు మార్కు.

తండ్రి మాట పూర్తికాకుండానే అన్నాడు. రెబ్కా విన్నది. ఆలోచించి చెప్పిన జవాబు కాదు. ఎప్పుడో తయారుచేసి, అడిగేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ నోట్లో పెట్టుకుని ఉన్న జవాబు.

"పొద్దున్నే లేవాలి మరి" అన్నాడు ఆదాం.

"లేస్తాలే."

బండి కదిలింది. ఫెబా అన్నం డబ్బాలు విప్పి, పెరుగన్నం ఒక్కటే మిగిలిందని చెప్పి, నాలుగు మూతల్లో సమానంగా సర్దింది. రెబ్కా తనకి వద్దంది.